పెస్టలాజీ మహాశయుడు

తరగతిలో మొదటి స్థానమెవరిది, కడపటి స్థానమెవరిది యను ప్రశ్న పరీక్షాఫలములు వచ్చిన దినమున ప్రతి యింటను వినబడుచుండును. ఆ ప్రశ్నను ప్రక్కకు నెట్టి, ఈ బిడ్డ నిన్న ఎరుగనిది నేడేమి యెరిగెనని అడిగి, దానినే తన పాఠశాలకు కొలతగా పెట్టుకొనిన గురువొకడు స్విట్జర్లండు దేశమున నుండెను. ఆయన పేరు యోహాన్ హైన్రిఖ్ పెస్టలాజీ. పసివారికి లెక్కలను, ప్రకృతి పరిజ్ఞానమును నేర్పుటలో నేడు మనము సహజమని తలచు పద్ధతులు పెక్కులు ఆయన కాలమున వింతలుగా తోచినవి. ఆయన చరిత్రము విద్యార్థులకును, తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును తెలియదగినది.

పెస్టలాజీ 1746వ సంవత్సరము జనవరి 12వ తేదీని జ్యూరిచ్ నగరమున జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు. కుమారునకు అయిదేండ్లు నిండిన పిమ్మట, 1751లో, ఆయన కాలధర్మము నొందెను. మరణశయ్యపై నుండి ఆయన తమ యింటి పనికత్తెయగు బార్బరాను పిలిచి, తన కుటుంబమును విడువవలదని వేడుకొనగా, ఆమె మాట యిచ్చెను. ఇచ్చిన మాటను దప్పక నిలుపుకొనెను. తల్లియు, బార్బరాయు మిగుల పొదుపుగా సంసారము నడిపిరి. బట్టలును చెప్పులును అరిగిపోవునని పిల్లలను వీధిలో ఆడుకొనుటకైన అంతగా పోనీయకుండిరి. అందుచే బాలుడు తోడివారితో మెలగు నేర్పు లేనివాడై పెరిగెను.

పాఠశాలలో అతడు పేరుపొందిన విద్యార్థి కాడు. దస్తూరి బాగుండెడిది కాదు, అక్షరదోషములు మెండు, ఆటలయందు చేతగానివాడు. తోడి బాలురు వింతపేరు పెట్టి పరిహసించుచుండిరి. ఒకనాడు భూకంపము వచ్చి పాఠశాల కదలగా, ఉపాధ్యాయులును విద్యార్థులును ఒకరిపై నొకరు పడుచు మెట్లు దిగి పరుగెత్తిరనియు, వారి పుస్తకములను టోపీలను తెచ్చుటకై మరల మేడ యెక్కినవాడు ఈ పరిహాసపాత్రుడే యనియు చెప్పుదురు. మార్కుల పట్టికలో ఎక్కని గుణములు బాలుని యందు ఉండవచ్చునని పెస్టలాజీ పుస్తకములలో చదివి తెలిసికొనవలసిన పని లేకపోయెను.

ఆయన తాత హోంగ్ అను గ్రామమున దేవాలయపు గురువుగా నుండెను. సెలవు దినములలో తాతగారి వెంట బీదల యిండ్లకు పోవుచు బాలుడు గ్రామములోని పేదరికమును కన్నులార చూచెను. వారి కష్టములను తొలగించు మార్గమేదైన వెదకవలెనను కోరిక అచ్చటనే మొలకెత్తినది. జ్యూరిచ్ కళాశాలలో చదువుచున్న దినములలో, 1762లో వెలువడిన రూసో పండితుని ఎమీల్ అను గ్రంథము ఆయన మనస్సును బలముగా ఆకర్షించెను. తుదకు వ్యవసాయము చేయ నిశ్చయించుకొని, బిర్ గ్రామ సమీపమున నేల కొని, దానికి నోయ్‌హోఫ్ అని పేరిడెను. 1769లో అన్నా షుల్టెస్ అను విదుషీమణిని వివాహమాడెను. మరుసటి యేట వారికొక కుమారుడు కలిగెను.

ఈ కుమారుని చదువే పెస్టలాజీకి మొదటి పాఠశాల. 1774లో ఆయన తన దినచర్య పుస్తకమున ఒక సంగతి వ్రాసికొనెను. బిడ్డ అంకెల పేర్లను వరుసగా వల్లించుచున్నాడు గాని, ఆ పేర్లకు అర్థమేమో వానికి తెలియదు. ఇది చిన్న విషయముగా కనబడును. కాని ఆయన జీవితకార్యమంతయు దీనినుండియే పుట్టినదని చెప్పవచ్చును. మన బిడ్డలను చూడుడు. మూడు నాలుగులు పండ్రెండు అని రాగయుక్తముగా ఎక్కము చదువు పిల్లవాని ముందు పిడికెడు చింతగింజలు పోసి, నాలుగేసి చొప్పున మూడు కుప్పలు పెట్టి, మొత్తమెన్ని యని అడిగినచో, కొందరు మరల మొదటినుండి ఒక్కొక్కటిగా లెక్కింతురు. ఎక్కము నోటికి వచ్చినది. సంఖ్య మనస్సునకు రాలేదు. నోటి చదువునకు నూటికి నూరు మార్కులు వేసి తృప్తిపడు ఉపాధ్యాయుడు ఈ భేదమును ఎన్నటికిని కనుగొనజాలడు.

పంటలు సరిగా పండక వ్యవసాయము దెబ్బతిన్నది. అయినను పెస్టలాజీ 1774లో ఆ యింటనే బీదపిల్లలను చేర్చుకొని, నూలు వడకుట, నేయుట, పొలముపని నేర్పుచు, ఆ పనుల నడుమనే చదువును లెక్కలును చెప్పించెను. ధనాభావముచే 1780లో అదియు మూతపడెను. అప్పుల పాలైన ఆ సమయమున ఆయన చేతబట్టినది కలము. 1781లో ప్రకటింపబడిన లియోనార్డు, గెర్‌ట్రూడు అను కథ ఆయనకు గొప్ప పేరు తెచ్చెను. అందలి గెర్‌ట్రూడు అను పేద తల్లి తన బిడ్డలకు లెక్కలు నేర్పు విధము ముచ్చటగా నుండును. బిడ్డలు నూలు వడకునపుడు పోగులను లెక్కింతురు; గది ఈ గోడనుండి ఆ గోడకు ఎన్ని యడుగులో నడచి చూతురు; కిటికీ అద్దములను వరుసలుగా లెక్కించి పది యనగా నేమో తెలిసికొందురు. పలకయు పుస్తకమును లేని యింట వస్తువులే పుస్తకములైనవి.

ఈ యూహలను కార్యరూపమున పెట్టు నవకాశము ఆయనకు ఏబది రెండేండ్లు దాటిన పిమ్మట గాని లభింపలేదు. 1798వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఫ్రెంచి సైన్యములు స్టాన్స్ ప్రాంతమును నాశనము చేయగా, అనేకులు బాలబాలికలు దిక్కులేనివారైరి. వారికొరకు ప్రభుత్వము పెట్టిన అనాథాశ్రమమునకు పెస్టలాజీ పోయి, ఒక్క పనికత్తె సాయముతో సుమారు 80 మంది బిడ్డలకు తానే తల్లియు, తండ్రియు, గురువును అయ్యెను. పుస్తకములు లేవు, సహోపాధ్యాయులు లేరు. తెలిసిన బిడ్డ తెలియని బిడ్డ ప్రక్కన కూర్చుండి నేర్పుచుండెను. ముందున్నవాడు వెనుకనున్నవానిని తక్కువగా చూచుటకు మారుగా చేయిపట్టి నడిపించు ఈ యేర్పాటు ఆయన మనస్సున గాఢముగా నాటుకొనెను. 1799 జూను మాసమున ఆ కట్టడమును సైనికుల వైద్యశాలకై తీసికొనుటచే అతని శ్రమ అర్ధాంతరమున ఆగిపోయెను.

ఆ సంవత్సరముననే ఆయన బుర్గ్‌డోర్ఫ్ అను పట్టణమునకు పోయి, బీదల పిల్లలు చదువు పాఠశాలలో పని యడిగి పుచ్చుకొనెను. అచ్చటి ఉపాధ్యాయుడు చెప్పులు కుట్టి జీవించువాడు. ఆ కాలపు ప్రాథమిక పాఠశాలలలో బాలునినుండి కోరబడినది ఒక్కటే: ప్రశ్నోత్తరములను, కీర్తనలను తప్పు లేకుండ అప్పజెప్పుట. అప్పజెప్పినవాడు మంచివాడు, తప్పినవానికి బెత్తము. పెస్టలాజీ ఆ పుస్తకములను ప్రక్కన పెట్టించి, గది గోడపై చినిగిన కాగితమును చూపి, దాని పొడవు వెడల్పులను, రంధ్రముల ఆకారమును చూచి చెప్పుడని పిల్లల నడుగుచుండెను. తలిదండ్రులు కలవరపడిరి. ఈ ముసలివాడు తమ బిడ్డలపై ప్రయోగములు చేయుచున్నాడనిరి. అచ్చటినుండి ఆయనను తొలగించి, అయిదు మొదలు ఎనిమిదేండ్ల లోపు పసివారుండు మరియొక బడిలో నియమించిరి.

1800వ సంవత్సరము మార్చి 31వ తేదీని ఆ పట్టణపు పాఠశాలా సంఘమువారు పెస్టలాజీ శిష్యుల ప్రగతినిగూర్చి తమ యభిప్రాయమును వ్రాసి యిచ్చిరి. అప్పటికి ఆయనకు ఏబది నాలుగేండ్లు. వ్యవసాయము పోయినది, నోయ్‌హోఫ్ పాఠశాల పోయినది, స్టాన్స్ పోయినది. ఇది కూడ తప్పినచో ఆయనకు మరియొక బడి దొరకుట కల్ల. ఆ నాడు పరీక్షింపబడినది బాలురు మాత్రమే గాదు, గురువును పరీక్షింపబడెను. ఎనిమిది మాసములలో ఆ పసిబిడ్డలు చదువుట, వ్రాయుట, గీయుట, లెక్కించుట యందు తాము ఊహింపనంత ముందుకు వచ్చిరని సంఘమువారు మెచ్చుకొనిరి. ఆయనను పై తరగతికి మార్చిరి. పిమ్మట ఆ యూరి కోటలో స్వంత విద్యాలయము నేర్పరచుకొనుటకు దారి యేర్పడెను. క్రూజి, టోబ్లర్, బుస్ అనువారు సహోపాధ్యాయులుగా చేరిరి.

1801లో వెలువడిన గెర్‌ట్రూడు తన బిడ్డలకెట్లు నేర్పును అను గ్రంథమున పెస్టలాజీ తన పద్ధతిని వివరించెను. సంఖ్య, ఆకారము, భాష యను మూడును సమస్త విద్యకు మూలములని ఆయన మతము. గణితమునకై ఆయన ఒక పట్టిక తయారు చేసెను. అందు పది వరుసలు. వరుసకు పది గడులు. మొదటి వరుస గడులలో ఒక్కొక్క గీత, రెండవ వరుస గడులలో రెండేసి గీతలు, ఇట్లు పదవ వరుస గడులలో పదేసి గీతలు. రెండవ వరుసపై వ్రేలు జరుపుచు, నాలుగు గడులలో ఎన్ని గీతలు, ఎనిమిది గీతలలో ఎన్ని రెళ్ళు అని అడిగినచో, గుణకారమును భాగహారమును ఒకే చూపులో బిడ్డకు తెలియును. భిన్నములకు వేరొక పట్టిక: మొదటి వరుసలోని చతురస్రములు అఖండములు, రెండవ వరుసలోనివి రెండేసి సమభాగములు, మూడవ వరుసలోనివి మూడేసి. సగము గొప్పదో మూడవ వంతు గొప్పదో కన్నే చెప్పును. అంకెలు వ్రాయుట ఇదంతయు అయిన పిమ్మట. బడిలో నిచ్చెన బొమ్మను, కిటికీ బొమ్మను చూపుచుండగా, నిజమైన కిటికీ ఎదుటనే యుండ బొమ్మ యేల యని ఒక బాలుడడిగెనట. పెస్టలాజీ కోపింపక, బాలుని మాటయే సరియైనదని బొమ్మలను ప్రక్కన పెట్టించెనని ఆయన చరిత్రకారులు వ్రాసిరి.

1804లో బుర్గ్‌డోర్ఫ్ కోటను విడువవలసి వచ్చెను. మరుసటి యేట ఇవర్డన్ అను పట్టణమున, న్యూషటేల్ సరస్సు చెంత నున్న కోటలో, ఆయన విద్యాలయము స్థిరపడెను. ఇరువదేండ్ల కాలము అది యూరపు ఖండమునకే యాత్రాస్థలమయ్యెను. బాలురు 150 మందికి పైగా నుండిన దినములు కలవు. వారు అనేక దేశములవారు. అచ్చట ప్రకృతి పరిజ్ఞానము గోడల నడుమ మొదలు కాదు. బాలురు బ్యూరాన్ లోయకు నడచి పోయి, కొండ వాలును, వాగు మలుపును చూచి, బంకమన్ను తెచ్చుకొని, తిరిగి వచ్చి బల్లపై ఆ లోయను మట్టితో కట్టుదురు. మరల పోయి చూచి, తప్పులు దిద్దుదురు. పటము చూపుట ఆ తరువాతనే.

ఇక ఆ పాఠశాలలో బహుమతులు లేవు, స్థానములు లేవు, ఒక బాలుని మరియొకనితో పోల్చి పొగడుటయు తెగడుటయు లేదు. పోటీవలన బలవంతునకు గర్వమును, బలహీనునకు నిరాశయు కలుగునే గాని, గణితముపై ప్రేమ యెవరికిని కలుగదని పెస్టలాజీ తలచెను. బాలుని నేటి పనిని వాని నిన్నటి పనితోనే పోల్చి చూచుచుండిరి. పిల్లలను కొలదిమందినిగా తన గదికి పిలిచి, వారి చదువును నడవడిని గూర్చి మెల్లగా మాటలాడి, లోపమున్నచో ఏకాంతమున హెచ్చరించుట ఆయన వాడుక. మార్కులు లేని పాఠశాల యనగా సులభమైన పాఠశాల యని తలంపరాదు. ఉదయము ఆరు గంటలకే పాఠములారంభమగుచుండెను. ఒక మెట్టు స్థిరముగా నిలిచిన గాని పై మెట్టుపై కాలు పెట్టకూడదనుట అచ్చటి కఠిన నియమము. నూటికి నలువది మార్కులు వచ్చిన బాలుడు పై తరగతికి పోవునపుడు తెలియని అరువది పాళ్ళును వానివెంట పోవును. ఆ బరువు ఏటేట పెరుగును. పెస్టలాజీ కోరినది దీనికంటె ఎక్కువయే గాని తక్కువ గాదు.

ఈ కొలతవలన లాభమేమో ఒక్క యుదాహరణముచే తెలియును. యాకోబ్ స్టైనర్ అను రైతుబిడ్డ 1796లో జన్మించెను. పదునాలుగేండ్లు వచ్చువరకు వానికి వ్రాయుట రాదు. 1814లో పదునెనిమిదేండ్ల వయస్సున ఇవర్డన్‌కు వచ్చెను. మరి యే పాఠశాలయైనను వానిని పసిపిల్లల బల్లపై కూర్చుండబెట్టి యుండును, లేదా పంపివేసి యుండును. అచ్చట మాత్రము క్షేత్రగణిత సిద్ధాంతములకు గురువులు చెప్పిన ఉపపత్తులను వల్లించుటకు మారుగా తనంతట తాను ఉపపత్తులు వెదకుటకు వానికి స్వేచ్ఛ దొరకెను. వాని ఉపపత్తులే మేలని గురువులు పలుమారులు వానినే గ్రహించిరి. ఒకటిన్నర సంవత్సరములో వానినే గణితోపాధ్యాయునిగా చేసిరి. తరువాత బెర్లినులో ఉపాధ్యాయ పరీక్షకు పోగా, చరిత్రయందును సాహిత్యమందును జ్ఞానము చాలదని అతనికి పరిమితమైన అనుమతి మాత్రమే యిచ్చిరి. ఆ స్టైనరే 1834లో బెర్లిను విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, తన శతాబ్దపు క్షేత్రగణితజ్ఞులలో అగ్రగణ్యుడని పేరొందెను.

అయినను పెస్టలాజీ పాఠశాల నిర్దోషమైనదని చెప్పరాదు. ష్మిట్ అను యువకుడు గణితము చెప్పుటలో అసమానుడు; అతని శిష్యులు పెద్ద లెక్కలను పలక ముట్టకయే చేయుచుండిరి. చూడవచ్చిన ప్రభువులును పండితులును ఆశ్చర్యపడుచుండిరి. రానురాను అతిథులు వచ్చినపుడెల్ల చురుకైన పిల్లలను ముందునకు తెచ్చి చూపుట అలవాటయ్యెను. బహుమతులను వెలివేసిన యింట మెప్పు అను బహుమతి దొడ్డిదారిని ప్రవేశించెను. పెస్టలాజీ తానే కోరగా, 1809 నవంబరులో ప్రభుత్వమువారు ముగ్గురు పరీక్షకులను పంపిరి. వారిలో ఒకడు గణితాచార్యుడు. మరియొకడు గిరార్ అను మతగురువు, స్వయముగా గొప్ప యుపాధ్యాయుడు. వారి నివేదిక పొగడ్తయు కాదు, నిందయు కాదు. ఈ విద్యాలయము దేశములోని ఇతర పాఠశాలలతో పొందిక లేక వేరుగా నడచుచున్నదని వారు వ్రాసిరి. రెండును రెండును నాలుగు అన్నట్లు ఋజువు కాగలిగినదానినే తన పిల్లలు నమ్మవలెనని పెస్టలాజీ అనగా, అట్లయినచో తనకు ముప్పదిమంది కొడుకులున్నను ఒక్కనినైన ఇచ్చటికి పంపననియు, తాను వారి తండ్రి నన్న సంగతిని అంత నిశ్చయముగా ఋజువు చేయజాలరనియు గిరార్ బదులు చెప్పెనట. గణితమునకును హద్దు కలదని ఆ పండితుని భావము.

కడపటి సంవత్సరములు దుఃఖమయములు. 1815 డిసెంబరులో భార్య మరణించెను. ఉపాధ్యాయులు రెండు పక్షములై కలహించిరి. తాను బోధించిన సామరస్యమును తన యింటనే నిలుపజాలక, పెస్టలాజీ 1825లో విద్యాలయమును మూసి, నోయ్‌హోఫ్‌కు తిరిగి వచ్చెను. 1827వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీని బ్రుగ్ పట్టణమున ఎనుబది యొకటవ యేట దేహము చాలించెను. బిర్ గ్రామపు పాఠశాల ప్రక్కనే ఆయనను పాతిపెట్టిరి.

పాఠశాల మూతపడినను పద్ధతి బ్రదికినది. ప్రష్యా ప్రభుత్వము తన యువకులను ఇవర్డన్‌కు పంపి నేర్పించెను. శిశూద్యానములను స్థాపించిన ఫ్రోబెల్ 1808 మొదలు 1810 వరకు అచ్చటనే యుండెను. అమెరికాలో 1821లో వారెన్ కోల్‌బర్న్ ఈ మార్గముననే మనోగణిత పుస్తకమును వ్రాసెను. ఇంగ్లండులో మేయో సోదరీసోదరులు వస్తుపాఠములను వ్యాపింపజేసిరి. ఆ వస్తుపాఠములే పిమ్మట మన దేశపు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలకును వచ్చినవి.

మన పాఠశాలలలో మార్కులును, పరీక్షలును ఉన్నవి. ఇంతమంది బిడ్డలు చదువు చోట అవి లేకయు జరుగదు. అయినను వానిని చదువు విధము మన చేతిలో నున్నది. విద్యార్థులారా! మీ ప్రోగ్రెసు రిపోర్టు చేతికి వచ్చినపుడు ప్రక్కవాని కాగితమును చూడక మునుపు మీ కడచిన కాగితమును తీసి చూడుడు. తప్పిన లెక్కను విడువక, ఏ మెట్టున తప్పినదో కనుగొనుడు. తలిదండ్రులారా! ఎన్ని మార్కులని అడుగుటతోపాటు, ఏమి తెలిసికొంటివో చూపుమని అడుగుడు. చింతగింజలు ప్రతి యింటను ఉన్నవి. ఉపాధ్యాయులకు మనవి చేయవలసినది ఒక్కటియే. బడిలో వెనుకబడి, పరిహసింపబడి, దస్తూరి బాగులేక చివాట్లు తినిన ఒక బాలుడే పసివారి గణితమునకు గురువైనాడు. నేడు మన తరగతిలో కడపటి బల్లపై నున్నవాడెవడో, రేపు ఏమగునో, మన మార్కుల పుస్తకము చెప్పజాలదు.